ఇన్వర్టర్ లేకుండా బ్యాటరీ మీదే స్ట్రీమింగ్ స్టిక్

అమలాపురం, రాజోలు వైపు గాలివాన పట్టుకుంటే లైన్ల మీద కొబ్బరిచెట్లు పడి కరెంటు పోతుంది, ఎప్పుడొస్తుందో చెప్పలేం. రొయ్యల చెరువు గట్టు మీది మకాంలోనైతే చాలాచోట్ల సోలార్ ప్యానెల్, బ్యాటరీలే ఆధారం. టీవీ హెచ్‌డీఎంఐలో పెట్టి నెట్ వీడియోలు చూసే, 5 వాట్లు తీసుకునే స్టిక్ కోసం ఇలాంటిచోట ఇన్వర్టర్ వేసి ఉంచడం దండగ. బ్యాటరీలోని 12 వోల్టుల డీసీని ఇన్వర్టర్ 230 వోల్టుల ఏసీగా మారుస్తుంది, అడాప్టర్ దాన్ని మళ్లీ 5 వోల్టుల డీసీ చేస్తుంది. ఇంటి ఇన్వర్టర్ అయితే లోడు లేకపోయినా తన కోసమే పది వాట్ల దాకా తీసుకుంటుంది.

ముందు స్టిక్ అడాప్టర్ మీద అవుట్‌పుట్ ఎంతో చదవండి. 5 వోల్టులు, 1 లేదా 2 ఆంపియర్లు అని ఉంటే, బ్యాటరీ 12 వోల్టులను నేరుగా 5 వోల్టులకు దించి స్టిక్‌కు ఇచ్చే ఈ పద్ధతి సరిపోతుంది. టీవీ కూడా 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచేదైతేనే మొత్తం డీసీ మీదికి వస్తుంది. ఏసీ వైరు నేరుగా లోపలికి వెళ్లే టీవీని విప్పకండి.

కావలసినవి: 12 నుంచి 5 వోల్టులకు దించే 3 ఆంపియర్ల కన్వర్టర్, 2 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు, దాని హోల్డరు, 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు ఎరుపూ నలుపూ, పొట్టి యూఎస్‌బీ కేబుల్, మల్టీమీటర్. కన్వర్టర్లలో ఎల్ఎం2596 అనే చిప్ ఉన్న బోర్డు చవక. కానీ అంతర్వేది, ఓడలరేవు లాంటి చోట్ల ఉప్పుగాలికి తెరిచి ఉన్న బోర్డు కాళ్లు పచ్చబడి తుప్పుపడతాయి. బండ్లలో వాడే, లోపలంతా ఎపాక్సీ పోసి మూసిన నల్ల కన్వర్టరే మా సలహా. దాని అవుట్‌పుట్ 5 వోల్టుల దగ్గర స్థిరంగా ఉంటుంది, తిప్పాల్సిన స్క్రూ ఏదీ ఉండదు. ఎల్ఎం2596 బోర్డే వాడితే స్టిక్ తగిలించకముందే మల్టీమీటర్ చూస్తూ బోర్డు మీది స్క్రూ తిప్పి అవుట్‌పుట్‌ను 5.1 వోల్టులకు దించండి. కొత్త బోర్డులో స్క్రూను చాలా చుట్లు తిప్పేదాకా అవుట్‌పుట్ కదలకపోవచ్చు. అంతవరకూ బ్యాటరీ వోల్టేజీ దాదాపుగా అలాగే బయటికి వస్తుంటుంది, ఆ స్థితిలో తగిలిస్తే స్టిక్ కాలిపోతుంది. సెట్ చేశాక స్క్రూ మీద నెయిల్ పాలిష్ చుక్క వేయండి.

అసలు కీలకం కన్వర్టర్‌ను ఎక్కడ పెడతామన్నది. బ్యాటరీ పక్కన పెట్టి 5 వోల్టులను టీవీ దాకా లాగకండి. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు 5 మీటర్ల దూరానికి, రానూపోనూ 10 మీటర్లు, సుమారు 0.18 ఓములు. 1.5 ఆంపియర్లకు 0.27 వోల్టులు వైరులోనే పోతాయి. దానికి సన్నని యూఎస్‌బీ కేబుల్ తోడైతే స్టిక్‌కు చేరేది 4.5 చుట్టుపక్కలే. లోగో దగ్గర ఆగి మళ్లీ మొదలవడం, వీడియో మొదలవగానే రీస్టార్ట్ కావడం చాలాసార్లు ఇందువల్లే, స్టిక్ పాడై కాదు. అదే దూరం 12 వోల్టులను లాగితే కరెంటు సగం కన్నా తక్కువ, ఆ కాస్త తగ్గుదలను కన్వర్టర్ సర్దుకుంటుంది. అందుకే కన్వర్టర్ టీవీ వెనకే ఉండాలి.

బిగించేటప్పుడు ఫ్యూజు హోల్డరును బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే పెట్టండి. వైరు ఎక్కడ షార్టయినా మంట పుట్టకుండా ఆపేది అదే. ప్లస్, మైనస్ రెండుసార్లు సరిచూడండి, తారుమారైతే ఎల్ఎం2596 బోర్డు వెంటనే పోతుంది. కన్వర్టర్ అవుట్‌పుట్ కొలిచి, స్టిక్ తగిలించి, వీడియో ఆడుతుండగా మళ్లీ కొలవండి. స్టిక్ దగ్గర 4.8 కన్నా తగ్గితే ముందు కేబుల్ మార్చండి. టైప్-సీ స్టిక్‌కు ఊరికే వైర్లు అతికించకుండా మామూలు యూఎస్‌బీ-ఏ నుంచి సీ కేబుల్ వాడండి, కావలసిన రెసిస్టర్ అందులోనే ఉంటుంది. బ్యాటరీ టెర్మినల్స్‌కు వాజిలిన్ పూయండి.

రూటర్, టీవీ 12 వోల్టులవని నేరుగా బ్యాటరీకి కలపకండి. ఛార్జింగ్‌లో బ్యాటరీ 14.4 దాకా వెళుతుంది, వాడుతుంటే 12 కిందికి జారుతుంది. ఎల్ఎం2596 దించగలదు గానీ పెంచలేదు. పెంచడం, దించడం రెండూ చేసే 12 వోల్టుల బక్-బూస్ట్ కన్వర్టర్ కావాలి. టీవీకి వేరే వైరు, వేరే ఫ్యూజు వేయండి.

ఇంట్లో రెండు బ్యాటరీల 24 వోల్టుల ఇన్వర్టర్ ఉంటే ఒక బ్యాటరీ నుంచి మాత్రమే తీసుకోకండి. అదొక్కటే ఖాళీ అవుతూ, రెండోది ఓవర్‌ఛార్జ్ అవుతూ రెండూ త్వరగా పోతాయి. పైగా కొన్ని ఇన్వర్టర్లలో బ్యాటరీ వైపు, ఏసీ వైపు విడిగా ఉండవు, హెచ్‌డీఎంఐ లోహం మీదికే షాక్ రావచ్చు. విడి బ్యాటరీయే క్షేమం. 12.8 వోల్టుల, 12 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం వాడినా సుమారు 120 వాట్-అవర్లు. స్టిక్, రూటర్ కలిపి 14 వాట్లనుకుంటే ఎనిమిది గంటల పైమాటే, టీవీ లెక్క వేరు. లెడ్-యాసిడ్ అయితే 11.8 దగ్గర ఆపేసే కటాఫ్ పెట్టండి.

తుఫాను తర్వాత ఆపరేటర్ వైపు కరెంటు లేకపోతే మీ రూటర్ వెలిగినా నెట్ రాదు. ఓటీజీ (పెన్‌డ్రైవ్ తగిలించే సదుపాయం) ఉన్న స్టిక్ అయితే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ వేసి, సినిమాలు పెన్‌డ్రైవ్‌లో ముందే నింపి ఉంచండి. పెన్‌డ్రైవ్ తీసుకునే కరెంటు కూడా అదే కన్వర్టర్ మీద పడుతుంది కాబట్టే 1 కాదు, 3 ఆంపియర్లది కొనమన్నది.