ఇంట్లో ఊరికే కూర్చున్న కొడుకు మీద నవల రాయడం ఎలా

38 ఏళ్ళ మనిషి ఉద్యోగమూ పెళ్ళీ లేకుండా అమ్మానాన్నల ఇంట్లోనే ఉండిపోయిన కథను, పాఠకుడు నవ్వుతుండగానే గుండె కలుక్కుమనేలా రాయాలనుకుంటే, ముందు ఆ ఇంటి నెల పద్దు రాసుకోండి. పింఛను ఎంత, బీపీ మాత్రలకు ఎంత, అతని ఫోను రీచార్జి ఎవరి ఖాతాలోంచి పోతోంది అన్నవి తేలకముందు అతని నిరాశానిస్పృహల గురించి ఒక్క వాక్యం కూడా రాయకండి. అమెరికాలో 1980లో అచ్చయిన ‘ఎ కాన్ఫెడరసీ ఆఫ్ డన్సెస్’ నవలలో న్యూ ఆర్లీన్స్‌లో తల్లి పంచన బతికే 30 ఏళ్ళ ఇగ్నేషియస్‌ను గడప దాటించి ఉద్యోగానికి తరిమింది జ్ఞానోదయం కాదు, తల్లి చేసిన కారు ప్రమాదం వల్ల మీద పడ్డ అప్పు.

మన ఇళ్ళలో ఆ పని చేయడానికి పింఛను చాలు. తండ్రి రైల్వేలో గుమాస్తాగా రిటైరై 71వ ఏట ఉన్నాడనుకోండి. ఏటా నవంబరులో ఆయన తాను బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏడాది పొడవునా పదింటికి ముందు లేవని కొడుకు ఆ ఒక్క రోజు మాత్రం తెల్లారే లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తండ్రిని స్కూటరు మీద ఎక్కించుకుని వెళ్ళాలి. ఈ సన్నివేశాన్ని తొందరపడకుండా దగ్గర నుంచి రాయండి. అరిగిపోయిన బొటనవేలు వేలిముద్ర యంత్రానికి అందదు. యంత్రం దగ్గరి కుర్రాడు “రావట్లేదండి” అంటాడు. కొడుకు తన జేబురుమాలు తడిపి ఆ వేలిని తుడిచి, “గట్టిగా నొక్కు నాన్నా” అంటూ పైనుంచి తన వేలితో అదుముతాడు. అతని నుదుటి మీద చెమటను చూపించి అక్కడితో ఆపేయండి. అది ప్రేమా, భయమా అని మీరు తేల్చనక్కరలేదు.

తరవాత అతనికి పరువైన సాకు ఒకటి కావాలి. తెలుగు ఇంట్లో “ఖాళీగా ఉన్నాడు” అనరు, “ప్రిపేరవుతున్నాడు” అంటారు. దీనికి కల్పన అవసరం లేదు, తెలంగాణ గ్రూప్-1 చరిత్రే చాలు: 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకు వల్ల 2023 మార్చిలో రద్దయింది, జూన్‌లో మళ్ళీ జరిగిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చింది, ఈలోగా గరిష్ఠ వయోపరిమితి 44 నుంచి 46కు పెరిగింది. ఇదే వరసను మీరు సొంతంగా అల్లి రాస్తే అతి అయిందని సంపాదకుడు కొట్టేస్తాడు. ఇక్కడ జాగ్రత్త అవసరం. హైదరాబాదులో కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అశోక్‌నగర్ గదుల్లో నిజంగా చదివి, నిజంగా నష్టపోయినవాళ్ళను చూసి నవ్వకండి. మీ కథానాయకుడు వాళ్ళ నీడన దాక్కున్నవాడు. వ్యవస్థ మీద అతని ఫిర్యాదు ప్రతిదీ నిజమే కావాలి, చరిత్ర నోట్సులో మాత్రం అతను పదకొండేళ్ళుగా శాతవాహనుల దగ్గరే ఉండాలి.

సంభాషణల్లో అతనికి పెద్ద మాటలూ తల్లికి చిన్న మాటలూ ఇవ్వండి. “ఈ వ్యవస్థలో మేధావికి స్థానం లేదమ్మా” అని అతనంటే, “స్థానం సంగతి తరవాత, నువ్వా మంచం దిగితే దుప్పటి నానబెట్టుకుంటాను” అని ఆమె అనాలి. ఆమెను కన్నీటి కుండ చేయకండి. కొడుకు ఇంట్లో ఉండటం ఆమెకు ఎక్కడో ఇష్టమే అన్న అనుమానం పాఠకుడికి కలిగితే నవల చిక్కబడుతుంది. తండ్రి ఏళ్ళ తరబడి కొడుకుతో సూటిగా మాట్లాడడు. “వాడు తిన్నాడా?” అని భార్యను అడుగుతాడు, వాడు ఎదురుగానే కూర్చుని తింటున్నా సరే.

ముగింపులో ఉద్యోగం ఇప్పించడమూ, ఉరి వేయించడమూ రెండూ చేతకానితనాలే. తండ్రి పోవాలి, అదీ అర పేజీలో, ఏడుపులు లేకుండా. అప్పుడు మొదట రాసుకున్న పద్దు మళ్ళీ తీయండి: కేంద్ర నిబంధనల ప్రకారం చివరి మూలవేతనంలో 50 శాతంగా ఉన్న పింఛను, ఆయన 67 దాటాక పోయాడు కాబట్టి, భార్యకు 30 శాతానికి దిగుతుంది. ఇంటికి కేబుల్ కట్టవుతుంది, పాలు అర లీటరవుతాయి, పరీక్ష ఫీజు మాత్రం కట్టేస్తారు. చివరి అధ్యాయంలో మళ్ళీ నవంబరు వస్తుంది. అతను తెల్లారే లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబురుమాలు ముందుగానే తడిపి పెట్టుకుని, స్కూటరు మీద కూర్చుని తల్లి కోసం హారన్ కొడుతుంటాడు.