కొత్త టైరే అంటారు, పుట్టిందెప్పుడో చూశారా

మా బావది నరసన్నపేట. పాత ట్రావెలర్ వ్యాన్ ఒకటి కొని సీట్లు పీకించేసి మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించుకున్నాడు, ఏడాదికి మూడు నాలుగు సార్లు పూరీకో అరకుకో తీస్తాడు, మిగతా రోజులన్నీ అది ఇంటి ముందు ఎండలోనే. మొన్న టైర్లు మార్పిద్దామని శ్రీకాకుళంలో ఒక షాపుకెళ్లాం. కొత్త స్టాకే బాబూ అన్నాడాయన, టైరు కూడా నల్లగా మెరిసిపోతోంది. కిందకి వంగి టార్చ్ వేసి చూస్తే 3821.

అదేటంటే, టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే పొడుగాటి కోడ్ ఉంటుంది, దాని చివరి నాలుగంకెలే మనకి కావాల్సింది. మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. 3821 అంటే 2021లో 38వ వారం, సెప్టెంబర్‌లో పుట్టిందన్నమాట. చివర మూడంకెలే ఉంటే 2000కి ముందుది, దాంతో పిల్లలకి ఉయ్యాల కట్టుకోండి.

ఒక్కోసారి ఒక వైపు కోడ్ సగమే ఉంటుంది, తేదీ ఉండదు, కంగారు పడకుండా తిప్పి రెండో వైపు చూడండి. బండికి ఉన్న టైరైతే ఆ వైపు లోపలికి పోయుండొచ్చు, అప్పుడు కిందకి ఫోన్ దూర్చి వీడియో తీసుకోవడమే. నలుపు మీద నలుపు కదా, అంకెలు కనబడకపోతే సుద్దముక్క రుద్దండి, ఈ చిట్కా సాలూరులో లారీ తోలే మా చిన్నాన్నది.

రోజూ తిరిగే కారుకైతే ముందు గ్రిప్ అరిగిపోతుంది, ఎప్పుడు మార్చాలో దాన్ని చూస్తేనే తెలిసిపోతుంది. ఇలాంటి వ్యాన్‌కి అలా కాదు, గ్రిప్ కొత్తదానిలా ఉంటుంది, లోపల రబ్బరు ముసలైపోతుంది. రబ్బరులో పగుళ్లు రాకుండా మైనం లాంటివి కలుపుతారు, టైరు తిరుగుతూ ఉంటేనే అవి పైకి వస్తాయి, నెలల తరబడి నిలబెట్టేస్తే రావు, పైన ఎండ. ఆ టైర్లతోనే నిండు ట్యాంకు, సామాన్లు, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతాం మరి.

వాడకం మొదలై అయిదేళ్లయితే ఏటా మెకానిక్‌కి చూపించండి, తయారై పదేళ్లయితే గ్రిప్ ఉన్నా తీసేయండి అని మిషెలిన్ లాంటి కంపెనీలే చెబుతాయి. ఎండలో ఉండే బండికి నేనైతే ఆరేళ్లకే తీసేస్తాను. గోడౌన్‌లో ఉంది కదండీ ఏం కాదు అంటాడు షాపాయన, నీడలో బరువు లేకుండా ఉంటే నెమ్మదిగా పాడవుతుందన్నది నిజమే, కానీ ఆ పదేళ్ల లెక్కలో షాపులో ఉన్న నాళ్లూ కలిసిపోతాయి. నా లెక్క ఆరు నెలల లోపుదైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, ఏడాదిదైతే రేటు తగ్గించమనాలి, రెండేళ్లు దాటితే వద్దు. రీసోల్ టైరైతే పైన గ్రిప్ ఒక్కటే కొత్తది, కేసింగ్, అంటే దాని కింద ఉండే అసలు టైరు, వయసు పాతదే.

రిమ్‌కి ఎక్కించకముందే చూడాలి, ఎక్కించాక వెనక్కి తీసుకోమంటే ఎవరూ తీసుకోరు. ప్రతి టైరూ విడివిడిగా చూడండి, మాకు లోపల్నుంచి తెచ్చిన నాలుగింట్లో మూడు ఈ ఏడాదివి, ఒకటి రెండేళ్ల కిందటిది, దాన్నీ మార్పించాం. బిల్లు మీద ఆ నంబర్లు రాయించుకున్నాం కూడా.

అంతా అయ్యాక స్టెప్నీ గుర్తొచ్చింది. దించి చూస్తే 1112, ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదు, గోరు పెడితే పగుళ్లలోకి దిగిపోతోంది. ఇది కొత్తదేరా అంటాడు బావ.