ఊరికో కొంగల గుంపు తేలిందా? ముందు గూళ్లు లెక్కపెట్టండి

వీరాపురం చింతచెట్ల మీది ఎర్రకాళ్ల కొంగలు ఒక గుంపు, ఉప్పలపాడువి ఇంకో గుంపు, కొక్కరెబెళ్లూరువి మూడోది అంటూ జన్యు విశ్లేషణలో వచ్చిన, గుంపుకో రంగున్న పటం తెచ్చి చూపించే విద్యార్థులు నాకు ఏటా తగులుతారు. ఎర్రకాళ్ల కొంగ నీళ్ల వెంట తిరిగే పక్షి. చెరువు ఎండితే ఇంకో చెరువు చూసుకుంటుంది. అలాంటి పక్షిలో ఊరికో గుంపు తేలితే సంబరపడకూడదు, అనుమానపడాలి.

ఈక నుంచి డీఎన్‌ఏ తీయడం, పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు నకళ్లు పెంచే పద్ధతి) నడపడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు నోట్‌బుక్ తీయండి. ప్రతి ఈకకు తేదీ, చెట్టు, గూడు రాసుకున్నారా? తర్వాత మైక్రోశాటిలైట్ (పక్షిపక్షికీ పొడవు మారే డీఎన్‌ఏ పునరావృతాలు) ఫలితాల పట్టికలో ఒకేలా ఉన్న వరుసలు వెతకండి. అన్ని లోకస్‌లలోనూ (డీఎన్‌ఏలో మనం చూసే ఒక్కో చోటు ఒక లోకస్) రెండు నమూనాలు ఒకటే అయితే అవి దాదాపుగా ఒకే పక్షి రాల్చిన రెండు ఈకలు. ఒక్క లోకస్‌లోనే తేడా ఉంటే దాన్నీ వదలకండి, మళ్లీ పీసీఆర్ చేసి చూడండి. పది నిమిషాల్లో అయ్యే ఈ తనిఖీ చేయకుండానే నెలల తరబడి విశ్లేషణ చేసుకుంటూ పోతారు. అదే నా బాధ.

లక్షణం: ఒక్కో చోటికి ఒక్కో రంగు

నేను గట్టిగా దెబ్బతిన్నది ఇక్కడే. చాలా ఏళ్ల కిందట వీరాపురం వెళ్తే ఒక అవ్వ తన వాకిట్లో చెట్టు కింద రాలిన ఈకలన్నీ చేటలో పోగుచేసి పెట్టింది. "ఇన్ని చాలునా నాయనా?" అని ఆప్యాయంగా అడిగింది. మేం సంతోషంగా తెచ్చుకున్నాం. ఒకేలా ఉన్న వరుసలు తీసేశాం. అయినా వీరాపురం విడిగానే నిలబడింది. ఈ కొంగలు వేరే గుంపు, వీటికి వేరే ప్రణాళిక కావాలని నివేదిక చిత్తుప్రతి కూడా రాసేశాం. తీరా చూస్తే మా దగ్గరున్నది వీరాపురం కొంగల జనాభా కాదు, ఆ ఒక్క చెట్టు మీది మూడు నాలుగు కుటుంబాలు.

ఈ కొంగ గూటికి సాధారణంగా 2 నుంచి 4 గుడ్లు పెడుతుంది. ఒకే తల్లిదండ్రుల పిల్లలు ఎందరున్నా ఒక లోకస్‌లో నాలుగు రకాల అల్లీళ్లకు (ఆ చోట ఉండే జన్యు రూపాలకు) మించి ఉండవు. తోబుట్టువుల మధ్య సగటున సగం జన్యువులు ఒకటే. జన్యువుల్ని బట్టి గుంపులు విడదీసే స్ట్రక్చర్ ప్రోగ్రామ్‌కు గూడు సంగతి, ఊరి సంగతి తెలియదు. ఏ పక్షుల్ని ఒకచోట చేరిస్తే అల్లీళ్లు యాదృచ్ఛికంగా కలిసినట్టు సరిపోతాయో అది చూస్తుంది, అంతే. పెద్ద కుటుంబం దాని కంటికి వేరే జనాభాలాగే కనిపిస్తుంది. దీనికి తోడు, ఎన్ని గుంపులో తేల్చడానికి అందరూ వాడే 2005 నాటి డెల్టా కె పద్ధతి 'ఒకటే గుంపు' అని చెప్పలేదు, దాని లెక్క రెండు నుంచే మొదలవుతుంది. ఒకటే గుంపు ఉన్నా అది రెండనో మూడనో చూపిస్తుంది. కె (గుంపుల సంఖ్య) ఒకటి అయినప్పుడు సంభావ్యత ఎంతుందో మీరే విడిగా చూసుకోవాలి.

దీనికి పరిష్కారం ఉంది. కాలనీ అనే ప్రోగ్రామ్‌తో గానీ అలాంటి మరొకదానితో గానీ తోబుట్టువుల్ని గుర్తించండి. కుటుంబానికి ఒక్కరిని ఉంచి విశ్లేషణ మళ్లీ నడపండి. రంగులు కలిసిపోతే మీరు చూసింది కుటుంబాల్ని. మా చిత్రంలో అలాగే కలిసిపోయాయి, నివేదిక ఆపేశాం. అలాగని తోబుట్టువులు కనిపించిన ప్రతిసారీ ఏరేయడం కూడా తప్పే. నిజంగానే కొద్ది పక్షులు మిగిలిన చోట బంధువులు ఎక్కువగా ఉండటమే అక్కడి వాస్తవం, దాన్ని చెరిపేయకూడదు. ఏరకముందు, ఏరాక వచ్చిన ఫలితాలు రెండూ చూపించండి. వచ్చే సీజన్‌లో చెట్లు మార్చి, గూటికో ఈక చొప్పున తెచ్చుకోండి.

బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) విషయంలో ఈ 'గూటికో ఈక' సూత్రం కాపాడదు. అది సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. కానీ ఒక మగపక్షి చాలా ఆడపక్షులతో జతకడుతుంది. కాబట్టి దూరదూరపు గూళ్లలోని పిల్లలకు కూడా తండ్రి ఒకడే కావచ్చు.

లక్షణం: హెటెరోజైగోట్లు (ఒక లోకస్‌లో రెండు వేర్వేరు అల్లీళ్లున్న పక్షులు) తక్కువ

రాలిన ఈకలో డీఎన్‌ఏ కొంచెమే. రెండు అల్లీళ్లలో ఒకటి పీసీఆర్‌లో జారిపోవచ్చు, అప్పుడు ఒకటే అల్లీలు ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రతి నమూనానూ కనీసం మూడుసార్లు నడపండి. పెద్ద ఈకల్లో కాడ కొసతో సరిపెట్టుకోకుండా, కాడ మీద ఈకపాయలు మొదలయ్యే చోట ఎండిన రక్తపు గడ్డ ఉంటుంది, అది తీయండి. ఈకల్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టకండి, కాగితం కవరే మేలు.

లక్షణం: మైటోకాండ్రియా డీఎన్‌ఏ వరుసలో జంట శిఖరాలు (ఒకే చోట రెండు అక్షరాలు)

రక్తం వాడారా? పక్షుల ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది. మైటోకాండ్రియా ముక్కల నకళ్లు కేంద్రక డీఎన్‌ఏలో దాగి ఉంటే అవీ పెరుగుతాయి. ఈకతోనో కండరంతోనో మళ్లీ చేయండి. ట్యూబులు తారుమారు కావడం, ప్రైమర్ (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) అతుక్కునే చోట మార్పు ఉండటం లాంటివీ జరగొచ్చు. పైవన్నీ చూశాక వాటినీ పరిశీలించండి.

లక్షణం: ఎక్కడా తేడా లేదు

దీన్ని సమస్య అనుకోరు గానీ నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. తేడా లేదు కాబట్టి రాకపోకలు బాగున్నాయి, బెంగ లేదు అని రాసేస్తారు. జన్యువులు మరీ విడిపోకుండా ఉండటానికి తరానికి ఒకటి రెండు పక్షులు వచ్చి జతకడితే చాలు. అంతమాత్రాన తరిగిపోయే గుంపు నిండదు. పైగా గుంపుల మధ్య జన్యు తేడా కొలత చూపేది ఎన్నో తరాల కిందటి సంబంధాల్ని. నిన్న మొన్న తెగిన దారి ఇందులో కనిపించదు. నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడును 1988లో బట్టమేక పక్షి కోసమే అభయారణ్యం చేశారు. ఇప్పుడు అక్కడ ఆ పక్షి కనుమరుగైంది. దేశంలో మిగిలిన బట్టమేక పక్షుల్లో మైటోకాండ్రియా వైవిధ్యం చాలా తక్కువ, ఎక్కడ చూసినా దాదాపు ఒకటే. ఆ పోలిక చూసి ఎక్కడినుంచో పక్షులు వాటంతట అవే వచ్చి రోళ్లపాడు నిండుతుందని ఎవరైనా రాస్తే ఒప్పుకోకండి. ఈ ఏడాది ఏ పక్షి ఎటు వెళ్లిందో తెలియాలంటే ఉపగ్రహ ట్యాగ్ గానీ కాలి రింగు గానీ కావాలి. దానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి అనుమతి ఉండాలి. దరఖాస్తు సీజన్‌కు చాలా ముందే పెట్టుకోండి.