తెగిన కాయిల్‌ను పారవేయకముందు
పాత వాల్వు రేడియోలో 455 కిలోహెర్ట్జ్ ఐ.ఎఫ్. కాయిల్ (స్టేషన్ సంకేతాన్ని మార్చుకునే మధ్యస్థ పౌనఃపున్యానికి ట్యూన్ చేసిన తీగచుట్ట) మల్టీమీటరులో ఓపెన్ (తీగ తెగింది) అని తేలినంత మాత్రాన దానిని మళ్ళీ చుట్టించనవసరం లేదు. చాలా సందర్భాలలో తీగ చుట్ల నడుమ కాక, ట్యాగుకు (కొసను అతికే చిన్న లోహపు ముక్కకు) అతికిన చోటనే పచ్చగా చిలుము పట్టి తెగి ఉంటుంది. ముందుగా ప్లగ్గు పీకి, ఫిల్టర్ కండెన్సర్లలో నిలిచిన వందల వోల్టుల విద్యుత్తును రెసిస్టర్ ద్వారా ఖాళీ చేయాలి (ఇది మాత్రం మరువరాదు). తరువాత భూతద్దంతో చూస్తూ చిలుము పట్టిన ముక్కను కత్తిరించి, కొసను సన్నని ఎమరీ కాగితంతో మృదువుగా గీకి, రోజిన్ (టంకం పట్టేందుకు వాడే గుగ్గిలం) పెట్టి టంకం పూయాలి. లిట్జ్ తీగ (విడివిడిగా పూత ఉన్న సన్నని పోగులను కలిపి పేనినది) అయితే వెంట్రుకల వంటి పోగులన్నిటికీ టంకం పట్టవలసిందే. కొన్నిటిని వదిలేసినా మీటరు బాగున్నట్లే చూపుతుంది గాని, పక్కపక్క స్టేషన్లను విడదీసే శక్తి తగ్గిపోతుంది. కొస చాలకపోతే ఒక చుట్టు విప్పుకోవచ్చు. ఆ స్వల్పమైన తేడాను ట్రిమ్మరుతో (ట్యూనింగును సవరించే చిన్న కండెన్సరుతో) సరిచేయవచ్చు.