ప్రపంచ చరిత్ర పిల్లలకు చెప్పడం ఎలా? – 4వ పాఠం: ఒక్క కాగితంతో ఒక పీరియడ్

పోయిన పాఠంలో క్లాసు గోడకి 5 మీటర్ల తాడు కట్టాం. మీటరుకి వెయ్యేళ్ళు, ఈ చివర మనం, ఆ చివర 5 వేల ఏళ్ళ వెనక. ఆ తాడు ఇంకా తీయకండి, ఇవాళ దానితో పని ఉంది.

ఇవాళ్టి విషయం పిల్లల చేత ఆధారం చదివించడం. అంటే ఆ కాలంలోనే రాసిన ఒక మాటని వాళ్ళ ముందు పెట్టి, మనం కాసేపు నోరు మూసుకుని కూర్చోవడం. వినడానికి తేలికే గానీ, ఈ ధారావాహికలో నాకు అన్నిటికంటే కష్టంగా వచ్చిన విద్య ఇదే.

నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో ఈజిప్టు అంటే ఫారోల, అంటే అక్కడి రాజుల, పేర్లతో మొదలుపెట్టేవాణ్ణి. ఒకసారి ఆరో తరగతి అమ్మాయి లేచి, "సార్, పిరమిడ్లు కట్టినవాళ్ళకి కూలి ఇచ్చేవారా?" అని అడిగింది. "వాళ్ళు బానిసలమ్మా, కూలి ఎవరిస్తారు?" అనేశాను. అది తప్పు. పిరమిడ్లు ఉన్న గీజా దగ్గర ఆ పనివాళ్ళ ఇళ్ళు, రొట్టెలు కాల్చిన బట్టీలు, సమాధులు తవ్వకాల్లో బయటపడ్డాయి. 2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో దొరికిన పాపిరస్ కాగితాల్లో మెరెర్ అనే అధికారి రోజువారీ పద్దు కూడా ఉంది. ఖుఫు అనే ఫారో పిరమిడ్ కోసం తూరా రాతి గనుల నుంచి సున్నపురాయిని పడవల మీద గీజాకి ఎలా చేర్చారో అతను రోజూ రాసుకున్నాడు. వాటితోపాటే ఆ మనుషులకి అందిన తిండి లెక్కలూ దొరికాయి. ఆ అమ్మాయి అంత మంచి ప్రశ్న అడిగితే, ఏ ఆధారమూ చూడకుండా విన్న మాట చెప్పి కూర్చోబెట్టాను. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

సరే, ఇప్పుడు పాఠంలోకి వద్దాం. క్లాసుకి తీసుకెళ్ళే కాగితం మీద ఈ నాలుగు ముక్కలే రాయండి:

"మాకు ఆకలేస్తోంది. ఈ నెలలో పద్దెనిమిది రోజులు గడిచిపోయాయి. ఆకలికీ దాహానికీ తట్టుకోలేక ఇక్కడికి వచ్చాం. బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదు. మా మంచి దొర అయిన రాజుకి కబురు పంపండి."

ఏ దేశమో, ఏ కాలమో చెప్పొద్దు. ఒకసారి నిదానంగా చదివి, "ఈ మాటలు ఎవరివై ఉంటాయి?" అని అడిగి ఆగండి. నిజంగా ఆగండి. క్లాసంతా నిశ్శబ్దంగా ఉన్న ఆ నిమిషం మనకే టెన్షన్‌గా ఉంటుంది, జవాబు చెప్పేయాలని నోరు దురదపెడుతుంది. ఓర్చుకుంటే, ఖైదీలని ఒకరు, కరువులో ఉన్నవాళ్ళని ఒకరు, సైనికులని ఇంకొకరు అంటారు. అప్పుడు "ఏ మాట చూసి అలా అనుకున్నావు?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఊహ కాస్తా వాదన అవుతుంది. "నెలలో ఇన్ని రోజులు గడిచాయి" అన్న మాట దగ్గర ఎవరో ఒకరు ఆగుతారు. నెల లెక్కపెట్టుకునేది జీతం కోసం ఎదురుచూసేవాళ్ళే కదా! నా క్లాసులో వెనక బెంచీ పిల్లవాడు, "సార్, వీళ్ళు పని మానేసి వచ్చారు. ఇది సమ్మె!" అన్నాడు. ఆ మాట మనం చెప్పకూడదు, వాళ్ళ నోటి నుంచే రావాలి.

వచ్చాక అసలు కథ చెప్పండి. ఈ మాటలు ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉన్న ఒక పాపిరస్‌లోవి. కాలం సుమారు క్రీ.పూ. 1157, మూడవ రామ్సెస్ ఏలుబడిలో 29వ ఏడు. మాట్లాడుతున్నది దేర్ ఎల్ మదీనా అనే ఊరి పనివాళ్ళు. రాజుల లోయలో ఫారోలకి సమాధులు తొలిచి, గోడల మీద బొమ్మలు వేసేది వీళ్ళే. నాణేలు లేని కాలం కాబట్టి కూలి ముఖ్యంగా గింజల్లోనే. మామూలు పనివాడికి నెలకి 4 బస్తాల గోధుమ, ఒకటిన్నర బస్తా బార్లీ. రొట్టెకి గోధుమ, బీరుకి బార్లీ. ఆ గింజలు సమయానికి రాలేదు. పనిముట్లు వదిలేసి, కాపలా చౌకీలు దాటుకుంటూ వెళ్ళి గుడి వెనక కూర్చున్నారు. చివరికి అధికారులు దిగొచ్చి అంతకుముందు నెల బకాయి చెల్లించారు. తర్వాత మళ్ళీ ఆలస్యం, మళ్ళీ సమ్మె.

ఇప్పుడు తాడు దగ్గరికి పిలవండి. ఖుఫు పిరమిడ్ నాలుగున్నర మీటర్లు దాటాక వస్తుంది. ఈ సమ్మె మూడు మీటర్లు దాటి ఒక జానెడు దూరంలో ఉంటుంది. మధ్యలో దాదాపు 1400 ఏళ్ళు. "ఈజిప్టు" అని ఒకే మాట వాడతాం కాబట్టి పిల్లలు రెంటినీ ఒకే కాలంలో పడేస్తారు. పిరమిడ్ కట్టినవాళ్ళూ సమ్మె చేసినవాళ్ళూ వేరని తాడు మీద వేలు పెట్టి చూపించాల్సిందే.

ఇక అసలైన ప్రశ్న, దీనికి ఎక్కువ సమయం ఉంచుకోండి: ఇది రాసింది ఎవరు? పనివాళ్ళు కాదు. రాసింది అమెన్నఖ్త్ అనే లేఖకుడని పండితులు అంటారు. పద్దులు రాసి పైవాళ్ళకి చేరవేయడం అతని ఉద్యోగం. కానీ అతనూ ఆ ఊళ్ళోనే ఉంటాడు, అతనికీ గింజలే జీతం. మరి అతను ఎవరి పక్షం? పనివాళ్ళ మాటల్ని ఉన్నదున్నట్టు రాశాడా, కాస్త మెత్తబరిచాడా? "మా మంచి దొర" అన్నది వాళ్ళ మాటా, అతని కలం మర్యాదా? దీనికి ఒకే జవాబు లేదని పిల్లలకి చెప్పండి. పిల్లలు వాదించుకోనివ్వండి.

అదే రాజు మెదీనెత్ హబూలో పెద్ద గుడి కట్టించి, సముద్రం మీదుగా వచ్చిన శత్రువుల్ని చిత్తు చేసినట్టు గోడల నిండా చెక్కించుకున్నాడు. గోడ మీద గెలుపు, కాగితం మీద ఆకలి. రెండూ ఒకే రాజు కాలంవి. ఏది నిజం అని అడక్కండి, ఎవరు చూడాలని గోడ చెక్కించారు, ఎవరి కోసం కాగితం రాశారు అని అడగండి.

ఒక జాగ్రత్త. "ప్రపంచంలో మొట్టమొదటి సమ్మె" అని బోర్డు మీద రాయకండి. రాతలో మిగిలినవాటిలో మనకి తెలిసిన అతి పాతది, అంతే. అంతకుముందు ఎవరు ఎక్కడ పని ఆపారో రాసినవాళ్ళు లేకపోవచ్చు, రాసినా ఆ కాగితం చెదలు తినేసి ఉండవచ్చు. ఈ తేడా పట్టుబడిన పిల్లలు ఇక "మొదటిది", "అతి పెద్దది" అన్న ప్రతి వాక్యం దగ్గరా ఆగి చూస్తారు.

మధ్యయుగాలకీ పద్ధతి ఇదే. పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ రాజు మన్సా మూసా 1324లో మక్కా వెళ్తూ కైరోలో బంగారం పంచిపెట్టాడు, దాంతో బంగారం విలువ పడిపోయింది. ఈ కథ పిల్లలకి చాలా ఇష్టం. దీన్ని రాసిన అల్ ఉమరీ అనే అరబ్బు పండితుడు మూసాని చూడలేదు, చూసినవాళ్ళని తర్వాత అడిగి రాశాడు. అప్పటిదాకా 25 దిర్హమ్‌ల (వెండి నాణేల) కంటే దిగని మిస్కాల్ (అప్పటి ఒక తూకం) బంగారం ఇప్పుడు 22 దాటడం లేదని, పన్నెండేళ్ళుగా ఇదే పరిస్థితి అని లెక్క ఇచ్చాడు. లెక్క వేయిస్తే నూటికి 12 వంతులు తగ్గినట్టు. "కైరో దివాలా తీసింది" అని వీడియోల్లో చెప్పే మాట ఈ లెక్కకి నిలుస్తుందా? పిల్లలే తేలుస్తారు.

వచ్చే పాఠం లోపు మీరు చేయాల్సిన పని: ఇప్పుడు చెబుతున్న పాఠంలో నుంచి అయిదారు వాక్యాలకి మించని ఒక్క ఆధారం ఎంచుకోండి. పిల్లలకి ఇచ్చే ముందు మీరే నాలుగు ప్రశ్నలకి జవాబులు రాసుకోండి: ఎవరు రాశారు, వాళ్ళకి ఎలా తెలుసు, ఎవరి కోసం రాశారు, ఇందులో ఎవరి మాట వినపడటం లేదు. రెండో ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోతే ఆ ఆధారం పక్కన పెట్టి ఇంకొకటి వెతకండి. క్లాసు అయ్యాక పిల్లలు అడిగిన ప్రశ్నలన్నీ వాళ్ళ మాటల్లోనే ఒక కాగితం మీద రాసి దాచండి. 5వ పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడతాం.