నూరువరహాల ఆకులు పసుపెక్కితే: నాకు పనిచేసింది ఇదీ

చెన్నై వేలచేరిలోని మా ఇంట్లో కాంపౌండ్ గోడ పక్కనున్న నూరువరహాల మొక్క (ఇక్కడోళ్లు ఇడ్లీ పువ్వంటారు) రెండేళ్లుగా కొత్త ఆకులన్నీ పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా, పువ్వు ఊసే లేదు. యూరియా, పేడ, ఎప్సమ్ సాల్ట్, వేపనూనె అన్నీ దండగే.

చివరికి మొదలు చుట్టూ జానెడు లోతు తవ్వితే మట్టి కంటే ప్లాస్టరింగ్ పెచ్చులే ఎక్కువొచ్చాయి! వాటిలోని సున్నం ఎక్కువైతే మట్టిలో ఇనుమున్నా వేరు తీసుకోలేదు, పైగా మేం పోసేది బకెట్‌కి తెల్లచార పట్టే బోరు నీళ్లు. ముందు వేళ్లు తెగకుండా పెచ్చులు ఏరేసి ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్ నింపా, తర్వాత బోరు నీళ్లు ఆపేసి ఏసీ పైపు కింద బకెట్ పెట్టి ఆ నీళ్లే పోశా, వారం ఆగి చీలేటెడ్ ఐరన్ (వేరు తీసుకోగలిగేలా తయారుచేసిన ఇనుము మందు), అదీ ఈడీడీహెచ్ఏ రకమే అడగండి, ఈడీటీఏ రకం సున్నం మట్టిలో నిలవదు, ప్యాకెట్ మీదున్న మోతాదులో కలిపి సాయంత్రం మొదలు దగ్గర పోశా.

నెలకి చిగుళ్లు పచ్చగా వచ్చాయి, పాత ఆకులు మాత్రం మారలేదు, రాలిపోయాయంతే. వానాకాలంలో మొదటి గుత్తి పూస్తే ఫోటో తీసేలోపే మా అత్తయ్య దేవుడికి కోసేసింది.

మూడూ వరసగా చేసేశా కాబట్టి దేని పుణ్యమో చెప్పలేను. నీళ్లు నిలిచి వేరు కుళ్లినా ఆకులు పసుపే అవుతాయి, అప్పుడిది పనికిరాదు, అందుకే ఐరన్ కొనే ముందు ఓసారి తవ్వి చూడండి.