వర్చువల్ మెషీన్‌కు ర్యామ్ ఎంత ఇవ్వాలి?

వర్చువల్ మెషీన్‌కు (అంటే మీ కంప్యూటర్ లోపల ఒక ప్రోగ్రాములా నడిచే మరో కంప్యూటర్‌కు) ర్యామ్ కేటాయించే ముందు, మీరు రోజూ వాడే బ్రౌజరు, ఇతర ప్రోగ్రాములు అన్నీ తెరిచి ఉంచి, టాస్క్ మేనేజర్‌లోని మెమరీ పేజీలో ఇంకా ఎంత ఖాళీగా ఉందో గమనించండి. కేటాయింపు ఆ అంకెకు లోబడి ఉండాలే గాని, కంప్యూటర్‌లోని మొత్తం ర్యామ్‌ను చూసి లెక్క వేయకూడదు. 8 జీబీ ఉన్న కంప్యూటర్‌లో 6 జీబీ లోపలి సిస్టమ్‌కే ఇచ్చేస్తే, బయటి సిస్టమ్ చోటు చాలక డిస్కును మెమరీలా వాడుకోవడం మొదలుపెడుతుంది, అప్పుడు రెండూ నత్తనడక నడుస్తాయి. వర్చువల్ మెషీన్లను నడిపే వర్చువల్‌బాక్స్ ప్రోగ్రాములోనైతే మెమరీ స్లైడరును ఆకుపచ్చ గీత దాటనివ్వకండి. తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న లినక్స్‌కు సాధారణంగా 2 జీబీ సరిపోతుంది. విండోస్ 11 మాత్రం కనీసం 4 జీబీ అడుగుతుంది (నా దృష్టిలో అదీ బొటాబొటీయే). ఈ మార్పు చేసే ముందు వర్చువల్ మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయండి. స్థితిని సేవ్ చేసి మూసినంత మాత్రాన ఆ స్లైడరు కదలదు.